మీకు తెలుసా? చేతికందినా ముట్టుకోలేదు

మన దగ్గర ఇంటర్ రెండో ఏడు చదివే వయసు పిల్లల్ని "గంజాయి తాగావా?" అని అడిగే ధైర్యం ఎవరికుంది? అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 1975 నుంచి ఏటా అడుగుతూనే ఉన్నారు. సర్వే పేరు 'మానిటరింగ్ ద ఫ్యూచర్'. మొదట్లో పన్నెండో తరగతి వాళ్లనే అడిగేవారు. 1991 నుంచి ఎనిమిది, పది తరగతుల వాళ్లనీ కలిపారు.

వాడావా లేదా అని తెలుసుకుని ఊరుకోరు. ఫలానాది వాడితే మనుషులకు ముప్పు అసలు ఉండదా, కొద్దిగానా, ఓ మోస్తరా, చాలానా అని అడుగుతారు. కావాలంటే తేలిగ్గా దొరుకుతుందా అనీ అడుగుతారు. అసలు సరుకంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

1978లో పన్నెండో తరగతి పిల్లల్లో దాదాపు 11 శాతం మంది రోజూ గంజాయి తాగేవారు. 1992కి అది 2 శాతం లోపుకి దిగింది. సరుకు దొరక్క కాదు, తేలిగ్గా దొరుకుతుందన్నవాళ్లు ఆ ఏళ్లంతా 80 శాతం పైనే. మారింది వాళ్ల అభిప్రాయం. అలవాటుగా తాగితే పెద్ద ముప్పేనన్నవాళ్లు 1978లో 35 శాతం, 1991లో 79 శాతం!

కొకైన్ కథ ఇంకా ఘాటు. 1986 జూన్‌లో బాస్కెట్‌బాల్ కుర్రాడు లెన్ బయాస్‌ని బోస్టన్ సెల్టిక్స్ జట్టు ఎంచుకుంది. రెండు రోజులకే కొకైన్ వల్ల చచ్చిపోయాడు. వయసు 22. పోయేది ఎక్కడో ఉన్న మత్తు బానిసలేనన్న భ్రమ అక్కడ చెదిరింది. ఒకటి రెండుసార్లు రుచి చూసినా పెద్ద ముప్పేనన్నవాళ్లు ఒక్క ఏడాదిలో 34 శాతం నుంచి 48కి పెరిగారు, వాడకం పడిపోయింది. విచిత్రమేమిటంటే ఆ ఏళ్లలో కొకైన్ దొరకడం మరింత తేలికైంది. పోలీసు దాడుల లెక్కలు చదివి సంబరపడేవాళ్లు ఈ మాట కాస్త ఆలోచించాలి.

అలాగని భయమే మందు అనుకోనక్కర్లేదు. 2019కి గంజాయిని పెద్ద ముప్పనేవాళ్లు 30 శాతానికి జారారు. అయినా వాడకం 1978 నాటి ఎత్తుకి ఎక్కలేదు. కరోనా కాలంలో, స్నేహితులు కలవకేమో, ఇంకా తగ్గింది, బళ్లు తెరిచాక కూడా పాత లెక్కకి రాలేదు. 2024లో పన్నెండో తరగతి వాళ్లలో 67 శాతం మంది గడిచిన నెలలో మద్యం, గంజాయి, నికోటిన్ ఏదీ ముట్టలేదు.

మరి 14-18 ఏళ్ల వాళ్లలో డ్రగ్స్ మోతాదు మించి చనిపోయినవాళ్లు 2019లో 492 మంది ఉంటే, 2020లో 954 ఎందుకయ్యారు? వాడేవాళ్లు పెరిగి కాదు, ఫెంటానిల్ అనే ఘాటైన మత్తుమందు వల్ల. అచ్చం మందుల షాపు మాత్రలాగే అచ్చొత్తి అమ్మే నకిలీ బిళ్లల్లో అది కలుస్తోంది. తాను మింగేదేమిటో తెలియని పిల్లవాడిని, దాంతో ముప్పెంత అని ఏ సర్వే అడగగలదు?