గోలీ ఇచ్చాకే అసలు డ్యూటీ

పాతికేళ్ల కుర్రాడు. నిన్న హాలోపెరిడాల్ ఇంజెక్షన్ తీసుకున్నాడు. ఇవాళ మెడ ఓ పక్కకు మెలితిరిగింది, కనుగుడ్లు పైకి నిలిచిపోయాయి. 'గాలి సోకింది బిడ్డా' అంటోంది తల్లి. నర్సుగా మీరేం చేస్తారు?

ఇది గాలి కాదు, జబ్బు ముదరడమూ కాదు. కండరాలు పట్టేయడం, అంటే డిస్టోనియా. యాంటీసైకోటిక్ మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ముఖ్యంగా కుర్రాళ్లలో కనిపిస్తుంది. వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఆయన రాసిన ప్రొమెథజైన్ ఇంజెక్షన్‌తో సాధారణంగా కాసేపట్లోనే తగ్గుతుంది. ఎవరూ గుర్తుపట్టలేదనుకోండి, ఆ ఇంట్లో మళ్లీ గోలీ ముట్టరు.

నేను ఇంజినీరింగ్ చదివినోణ్ని. మాకు లాగ్ ఫైల్ ఎలాగో నర్సుకు కేస్ షీట్ అలాగ. ఒలాంజపిన్ వాడేవాళ్ల బరువు, షుగర్ రాసుకోవాలి. క్లోజపిన్ అయితే మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష. తెల్లకణాలు పడిపోవచ్చు కాబట్టి గొంతునొప్పి, జ్వరం అన్నా వదిలేయొద్దు. తీవ్ర జ్వరంతో ఒళ్లు కొయ్యబారి, మనిషి అయోమయంలో పడితే అది ఎమర్జెన్సీ. తర్వాతి డోసు ఆపి డాక్టర్‌ను పిలవాల్సిందే. ఈ మందులతో ఒళ్లు వేడిని తట్టుకోవడమూ తగ్గుతుంది. మే నెల ఎండలో కూలికి పోయేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి.

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పనిచేసేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. 'అన్నా, కల్లు తాగుతవా? రోజుకెన్ని సీసాలు?' కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ దొరికిన సంగతి మనకు కొత్త కాదు. దాని మీద ఈ మందులు పడితే మత్తు రెట్టింపై, ఊపిరే మందగించొచ్చు. ఆస్పత్రిలో చేరి కల్లు ఒక్కసారిగా ఆగిపోతే ఇంకో తిప్పలు. వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలు. జబ్బే పెరిగిందనుకుని యాంటీసైకోటిక్ డోసు పెంచితే, ఫిట్స్ ముప్పు ఇంకా ఎక్కువవుతుంది. తిట్టినట్టు అడిగితే ఎవరూ నిజం చెప్పరు. భార్యను పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగితే తెలుస్తుంది.

బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం రెండింట్లోనూ మెంటల్ హెల్త్ నర్సింగ్ సబ్జెక్టు ఉంది. ఇదే రంగంలో ఎదగాలనుకుంటే రెండేళ్ల ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్ చేయొచ్చు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఏడాది డిప్లొమా కూడా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మెంటల్ హెల్త్ నర్సును విడిగా నిర్వచించింది.

డిశ్చార్జి రోజు మందుల చీటీ మీద టెలీ మానస్ నంబర్ 14416 రాసివ్వండి. రాత్రిపూట మళ్లీ మెడ పట్టేస్తే ఆ తల్లి ఎవరికి ఫోన్ చేయాలి?