వాపు ఒక్కటే కాదు, వేళ్లు కూడా చూడండి



పిల్లలు పరుగెత్తుతారు, పడతారు, దులుపుకుని మళ్లీ ఆటలో కలుస్తారు. చాలాసార్లు విషయం అంతటితో అయిపోతుంది. ఎటూ తేలని ఆ మిగతా కొద్దిసార్లే మనల్ని తికమక పెడతాయి. ‘వాపే కదా, పొద్దున చూద్దాం’ అని ఒకరంటారు. ‘వేళ్లు కదులుతున్నాయి, విరగలేదు’ అని ఇంకొకరు. ‘గట్టిగా కట్టు కట్టిస్తే సరి’ అని మరొకరు. అందరూ బిడ్డ మీద ప్రేమతో చెప్పేవే. కానీ ఈ మూడు మాటలూ నష్టం చేయవచ్చు.

నేను ఇంగ్లిష్ టీచర్‌ను, డాక్టర్‌ను కాను. వైద్యం డాక్టర్లే చేయాలి. అయితే డాక్టర్ దగ్గరికి ఎంత తొందరగా వెళ్లాలో తేల్చుకోవడం ఇంట్లో మీ చేతుల్లో, స్కూల్లో మా చేతుల్లో ఉంది. అందుకు పనికొచ్చే నాలుగు విషయాలు ఈ నెల మీతో పంచుకుంటున్నాను.

పిల్లల ఎముకలు వేరు

పచ్చి వేపపుల్లను వంచి చూడండి. ఎండుపుల్లలా ఠక్కున విరగదు. ఒకవైపు చీలి, మరోవైపు వంగి ఊరుకుంటుంది. పిల్లల ఎముకలు చాలాసార్లు ఇలాగే విరుగుతాయి. అందుకే ఎముక విరిగినా చెయ్యి కదలవచ్చు, వాపు తక్కువగా ఉండవచ్చు. కదులుతోంది కాబట్టి విరగలేదు అనుకోకండి.

ఇంకో తేడా ఉంది. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మెత్తని భాగం ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే. పెద్దవాళ్లకు కాలు మడతపడితే సాధారణంగా బెణుకుతుంది. పిల్లల్లో అదే దెబ్బ గ్రోత్ ప్లేట్‌కు తగలవచ్చు. పట్టించుకోకపోతే ఆ ఎముక వంకరగానో పొట్టిగానో పెరిగే ప్రమాదం ఉంది. ఇది మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. డాక్టర్ వారం, పది రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయిద్దామంటే తప్పకుండా తీసుకెళ్లండి.

మోచేతి దగ్గర దెబ్బ

పడేటప్పుడు పిల్లలు చెయ్యి చాచి నేలకు ఆన్చుతారు. బరువంతా మోచేతి మీద పడి, దాని పైభాగంలో ఎముక విరుగుతుంది. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. చేతికి రక్తం తీసుకెళ్లే ప్రధాన నాళం, నరాలు సరిగ్గా అక్కడి నుంచే వెళ్తాయి. విరిగిన ఎముక వాటిని నొక్కినా, లోపల వాపు పెరిగినా, పైన కట్టు బిగిసినా ముంజేతి కండరాలకు రక్తం అందదు. సుమారు ఆరు గంటలు గడిస్తే ఆ కండరాలు తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతింటాయి. వేళ్లు ముడుచుకుపోయి అలాగే ఉండిపోతాయి. రిచర్డ్ వోక్‌మన్ అనే జర్మన్ సర్జన్ 1881లోనే బిగుతు కట్ల వల్ల ఇలా జరుగుతుందని రాశారు. ఈ పరిస్థితిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎముకను తర్వాతైనా సరిచేయవచ్చు, చచ్చిన కండరాన్ని తిరిగి తేలేం.

రెండు నిమిషాల పరీక్ష

దెబ్బ తగిలిన చోటునే కాక దాని కింది వేళ్లను చూడండి. రెండో చేతితోనో, రెండో కాలితోనో పోల్చండి.

1. రంగు, వెచ్చదనం: వేళ్లు పాలిపోయాయా, నీలంగా ఉన్నాయా, చల్లబడ్డాయా? గోరును నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి.
2. స్పర్శ: ఒక్కో వేలినీ తాకి ‘తెలుస్తోందా?’ అని అడగండి.
3. కదలిక: చేతికి దెబ్బ తగిలితే ఆటలా చేయించండి. థమ్సప్ చూపించమనండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఓకే గుర్తు పెట్టమనండి. వేళ్లన్నీ ఒకదానికొకటి ఎడంగా విప్పమనండి. ఈ మూడూ మూడు వేర్వేరు నరాల పని. కాలికైతే వేళ్లను పైకీ కిందికీ ఆడించమంటే చాలు.

ఒక్క క్షణం ఆగకుండా వెళ్లవలసినవి

- వేళ్లు పాలిపోయినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, కదలకపోయినా.
- నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, వేళ్లను మెల్లగా చాపితే బిడ్డ కేక పెట్టినా.
- చెయ్యి, కాలు ఆకారం మారినా, కీలు తప్పినట్టు కనిపించినా.
- గాయంలోంచి ఎముక కనిపించినా, విరిగిందనుకున్న చోట చర్మం చీలినా.
- తొడ ఎముకకు దెబ్బ తగిలి కాలు కదపలేకపోయినా.
- దెబ్బ ఉన్నా లేకపోయినా, జ్వరంతో పాటు ఒక కీలు వాచి బిడ్డ దాన్ని కదపనివ్వకపోయినా, కాలు నేల మీద పెట్టకపోయినా. కీలులో చీము పట్టి ఉండవచ్చు.

మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే బిడ్డను లేపకండి. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. సంక్రాంతికి పతంగులు ఎగరేస్తూ డాబా మీది నుంచి పడిన పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. మన దగ్గర ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగం రాత్రీ పగలూ పనిచేస్తుంది.

అదే రోజు చూపించవలసినవి

- చీలమండకు దెబ్బ తగిలి నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో ప్రకటించిన నియమాల్లో ఇదొకటి.
- ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే గట్టిగా నొప్పి పుడితే.
- చెయ్యి పట్టి లాగాక ఐదేళ్లలోపు బిడ్డ ఆ చెయ్యి వాడకుండా వేలాడేసుకుంటే. మోచేతి ఎముక కాస్త జారి ఉంటుంది. డాక్టర్ క్షణాల్లో సరిచేస్తారు. ఇంట్లో ప్రయత్నించకండి.
- పది, పదిహేనేళ్ల పిల్లలు దెబ్బ లేకుండానే కుంటుతూ, తొడ దగ్గరో మోకాలిలోనో నొప్పి అంటే. తుంటి కీలులో ఎముక జారి ఉండవచ్చు.

వేళ్లు బాగుండి, నడక బాగుండి, నొప్పి తగ్గుతూ వస్తుంటే ఇంట్లో విశ్రాంతి సరిపోతుంది. రెండు రోజుల్లో తగ్గకపోతే చూపించండి.

ఆసుపత్రికి చేరేలోపు

ముందుగా గాజులు, ఉంగరం, వాచీ, చేతి దారాలు తీసేయండి. వాపు పెరిగితే అవే ఉచ్చులవుతాయి. చెయ్యి ఎలా ఉంటే అలాగే, అట్టముక్కో మడిచిన న్యూస్‌పేపరో ఆసరాగా పెట్టి, చున్నీతో వదులుగా కట్టండి. లాగి సరిచేయకండి, నూనె రాసి మర్దన చేయకండి. ఐస్‌ను గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టవచ్చు. గాయం ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పండి. పసుపు, కాఫీ పొడి వద్దు. అప్పుడే తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి.

మరి పుత్తూరు కట్టు?

తిరుపతి దగ్గరి పుత్తూరు పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డతో వేసే ఆ కట్టు మీద తరాలుగా జనానికి నమ్మకం. ఆ పేరుతో బోర్డులు ఇప్పుడు చాలా ఊళ్లలో కనిపిస్తాయి. పెద్దవాళ్ల నమ్మకాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చెప్పేది ఒక్కటే: ఎదిగే పిల్లల విషయంలో ఎక్స్‌రే తీసి ఆర్థోపెడిక్ డాక్టర్ చూడకముందు ఎవరి చేతా బిగుతు కట్టు కట్టించవద్దు. ఎముక అతకడానికి వారాలు పడుతుంది. కట్టు కింద రక్తం ఆగితే మనకు మిగిలేది గంటలే.

ఆసుపత్రిలో వేసిన పిండికట్టుకూ ఇదే జాగ్రత్త. మొదటి రెండు రోజులు చెయ్యిని దిండు మీద గుండెకంటే ఎత్తులో ఉంచండి. ఆ రెండు నిమిషాల పరీక్ష పడుకునే ముందు, మధ్యరాత్రి ఒకసారి చేయండి. నొప్పి పెరిగినా, వేళ్లు రంగు మారినా, రివ్యూ తేదీ దాకా ఆగకుండా అర్ధరాత్రయినా వెళ్లండి.

చివరగా రెండు విన్నపాలు. స్కూల్ డైరీలో ఎప్పుడూ అందుబాటులో ఉండే రెండు ఫోన్ నంబర్లు రాయండి. నంబర్ మారితే క్లాస్ టీచర్‌కు చెప్పండి. రెండోది, పడ్డ బిడ్డను ‘ఎందుకు ఎగిరావు?’ అని ముందే కోప్పడకండి. తిట్లకు భయపడి పిల్లలు దెబ్బను ఫుల్ చేతుల చొక్కా కింద దాచేస్తారు. ‘ఎక్కడ నొప్పి, చూపించు నాన్నా’ అని మొదట అడగండి.