టెకీలాకు పీపా, కల్లుకు లొట్టి

టెకీలా పేరు వినే ఉంటారు. మెక్సికోలో బ్లూ అగావే మొక్క గడ్డను ఉడికించి, రసం పులియబెట్టి, బట్టీ పట్టి తీస్తారు. తర్వాత ఓక్ చెక్క పీపాల్లో పెడితే బంగారు రంగు, వెనీలా వాసన వస్తాయి. కనీసం రెండు నెలలుంటే రెపొసాడో, ఏడాదైతే అన్యేహో.

మరి మన వికారాబాద్, తాండూరు వైపు ఈత కల్లు? దాని లెక్క గంటల్లోనే. సాయంత్రం గౌడన్న మోకుతో చెట్టెక్కి, గీత గీసి లొట్టి కడతాడు. తెల్లారి దించితే తియ్యగా ఉంటది. లొట్టిలో ఉన్న ఈస్టు ఆ చక్కెరను తింటుంటే పొద్దెక్కేకొద్దీ నురగ, పులుపు, మత్తు పెరుగుతాయి. పీపాలో పోసి ఏడాది దాస్తే? వెనిగర్ అయితది, అంతే! లొట్టి లోపల సున్నం పూస్తే పులవదు, అదే నీరా.

ఇప్పుడు ఆలోచించండి. గంటకో రుచి మారే కల్లు కొన్ని దుకాణాల్లో రోజంతా, ఏడాదంతా ఒకే మత్తు ఎట్ల ఇస్తది? అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపితేనే. 2021 జనవరిలో మన జిల్లాలోనే కల్లు తాగి వంద మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఇంకో మాట. ఈ మందుల కల్లుకు అలవాటుపడినోళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. ఇంట్లో అట్లాంటోళ్లు ఉంటే బలవంతంగా ఆపకండి, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.