రెండు లక్షల లెన్సు కొనదగునా?

రాజమహేంద్రవరమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరములోనున్న కోరుకొండ, కొండమీది లక్ష్మీనరసింహస్వామి ఆలయము వలన ప్రసిద్ధి కెక్కినది. 14వ శతాబ్దిలో ముమ్మడి నాయకుడు ఏలిన ఊరది. ఫాల్గుణమాసములో జరుగు స్వామివారి కల్యాణమునకు, రథోత్సవమునకు చుట్టుప్రక్కల గ్రామముల జనము తరలివచ్చును. ఆ జనములో నేడు కెమెరా లేనివారు అరుదు. జేబులోని టెలిఫోనే కెమెరాగా మారినది. అయినను పెండ్లిపందిరిలో బరువైన కెమెరా మెడలో వ్రేలాడదీసికొని, దానినే జీవనాధారము చేసికొన్న యువకులు ప్రతి పెద్ద గ్రామములోను కనబడుచున్నారు.

అట్టి యువకు డొకనిని ఊహింతము. అతనికి మంచి కెమెరాయే యున్నది. దానితో వచ్చిన సాధారణమైన లెన్సులు రెండున్నవి. పట్టణములోని పెద్ద స్టూడియోవారి చేతిలో రెండు లక్షల పైబడి వెలగల లెన్సును చూచినాడు. అది లేనందుననే తనకు పెద్ద పెండ్లిళ్ళు వచ్చుట లేదని అతని నమ్మకము. బ్యాంకులో అప్పు దొరకును. చాలనిచో తల్లి మెడలోని గొలుసు ఉన్నది. “ఆ గాజుముక్కలో ఏమున్నదిరా, అంత ఖరీదు?” అని ఆ తల్లి అడుగును. ప్రశ్న చాల న్యాయమైనది. దానికి సరియైన సమాధానము చెప్పగలిగిననే తప్ప గొలుసు తీయించరాదు.

కానన్ సంస్థవారి 50 మిల్లీమీటర్ల లెన్సులు రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూతము. రెండును ఒకే తరగతి కెమెరాకు అమరును. మొదటిది ఎఫ్ 1.8. దానిలో గాజుబిళ్ళలు 6, బరువు 160 గ్రాములు, వెల ఇరువది వేల రూపాయల ప్రాంతము. రెండవది ఎఫ్ 1.2. దానిలో గాజుబిళ్ళలు 15, బరువు 950 గ్రాములు, వెల మొదటిదానికి ఇంచుమించు పదిరెట్లు. పదిరెట్లు ఎక్కువ పెట్టినందుకు లభించున దేమి?

ఎఫ్ తరువాత వ్రాయు సంఖ్య ఒక భాగహారఫలము. లెన్సుయొక్క నాభ్యంతరమును, వెలుగు లోనికి వచ్చు ద్వారముయొక్క వ్యాసముచేత భాగించినచో ఆ సంఖ్య వచ్చును. కనుకనే సంఖ్య చిన్నదగుకొలది ద్వారము పెద్దదగును. 50 మిల్లీమీటర్ల లెన్సులో ఎఫ్ 1.8 అనగా 28 మిల్లీమీటర్ల ద్వారము, ఎఫ్ 1.2 అనగా 42 మిల్లీమీటర్ల ద్వారము. వెలుగు ద్వారముయొక్క వైశాల్యమును బట్టి వచ్చును గాన, రెండవ లెన్సులోనికి వచ్చు వెలుగు మొదటిదానికి రెండుంబావు రెట్లు. పదిరెట్ల ధనమునకు రెండుంబావు రెట్ల వెలుగు: బేరములోని మొదటి లెక్క ఇది.

ఇంత వ్యత్యాసమునకు దుకాణదారుని దురాశ కారణము కాదు. గాజు నడుమనుండి పోవు కిరణములను ఒకచోట చేర్చుట సులభము. అంచులనుండి వచ్చునవి మాట వినవు. ఒక్కొక్క రంగు ఒక్కొక్క చోట కేంద్రీకృతమగును. చుక్క తోకచుక్క యగును. ద్వారము వెడల్పు చేసినకొలది ఈ అంచు కిరణములు పెరుగును. వానిని దారికి తెచ్చుటకే అదనపు బిళ్ళలు, ప్రత్యేకమైన గాజులు, గోళాకారము కాని తలములు అవసరమగుచున్నవి. పైగా పూత వేయని ప్రతి గాజుతలమును తనపై బడిన వెలుగులో నూటికి నాలుగు వంతుల ప్రాంతమును వెనుకకు త్రిప్పివేయును. 1935లో జర్మనీలో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మాకులా ఈ ప్రతిఫలనమును తగ్గించు పలుచని పూతను రూపొందించి యుండనిచో, 15 బిళ్ళల లెన్సు ఊహకు కూడ అందకపోయెడిది.

వెడల్పైన ద్వారముకొరకు మనుష్యులు పడిన పాట్లు నేటివి కావు. ఛాయాచిత్రణ విద్య 1839లో లోకమునకు వెల్లడి యైనప్పుడు, చిత్రము తీయించుకొనువారు నిమిషముల తరబడి కదలక కూర్చుండవలసి వచ్చెడిది. మరుసటి యేడు, 1840లో, వియన్నా నగరమున గణితాచార్యుడైన జోసెఫ్ పెట్జ్‌వాల్, ఫిరంగిదళములోని లెక్కలు తెలిసిన సిపాయిల సాయముతో గుణించి, అంతకు ముందున్నవానికంటె ఎన్నో రెట్లు వెలుగును రాబట్టు లెన్సును సాధించినాడు. నిమిషములు క్షణములలోనికి దిగినవి. అప్పుడు వెడల్పైన లెన్సు కొన్నవానికి వ్యాపారమే మారిపోయినది. కొననివాని యెదుట పసిపిల్లలను కూర్చుండబెట్టువారు లేరు.

మన యువకునికి నే డట్టి అవసర మున్నదా? ఇక్కడ కాలము మారినది. కెమెరాలోని గ్రాహకమునకు ఐ.ఎస్.ఓ. అను కొలత గలదు. ఎఫ్ 1.2తో 3200 ఉంచి తీసిన చిత్రమునే, అంతే సమయములో, ఎఫ్ 1.8తో 7200 ఉంచి తీయవచ్చును. ఫిలిము రోజులలో ఇది చిత్రమును ఇసుక చల్లినట్లు చేసెడిది. ఇప్పటి గ్రాహకములలో ఆ రెంటికిని గల భేదమును కనుగొనుటకు చిత్రమును పెద్దదిచేసి, ముక్కు ఆనించి చూడవలెను. పెండ్లికుమార్తె మేనమామ అట్లు చూడడు.

ద్వారము వెడల్పైనందున కలుగు మరియొక ఫలమును గూర్చి దుకాణములో పొగడ్తగా చెప్పుదురు: వెనుకభాగమంతయు మసకలై ముఖము ఒక్కటే వెలుగునని. నిజమే. అయితే ఆ స్పష్టత ఎంత లోతు వరకు నిలుచునో కూడ చెప్పవలెను. 85 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.2 వద్ద ఉంచి, రెండు మీటర్ల దూరమునుండి తీసినచో, స్పష్టముగా నుండు లోతు మొత్తము నాలుగు సెంటీమీటర్లు. అనగా రెండు వ్రేళ్ళ వెడల్పు. జీలకఱ్ఱ బెల్లము ఒకరి తలపై నొకరు ఉంచు ఆ ముహూర్తక్షణములో, వధువు కన్నులు స్పష్టముగా నున్నచో, ఒక్కింత ముందునకు వంగిన వరుని ముఖము మసకబారును. ఆ క్షణమును పురోహితుడు మరల జరిపించడు. అందుచేత అనుభవము గల ఛాయాగ్రాహకులు అప్పుడు ద్వారమును ఎఫ్ 2.8కో, 4కో కుదించుచున్నారు. కుదించిన తరువాత ఇరువది వేల లెన్సు, రెండు లక్షల లెన్సు ఇంచుమించు సమానులే.

ఈ లోతు లేమి గొప్పవారిని కూడ కష్టపెట్టినది. 1966లో జైస్ సంస్థ అమెరికా అంతరిక్ష సంస్థ నిమిత్తము ఎఫ్ 0.7 లెన్సులను పది మాత్రమే చేసినది. వానిలో మూడింటిని చలనచిత్ర దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ కొని, 1975లో విడుదలైన ‘బారీ లిండన్’లో కేవలము క్రొవ్వొత్తుల వెలుగులో దృశ్యములు తీసినాడు. చిత్రము అద్భుతముగా వచ్చినది. కాని నటులు ముందు వెనుకలకు కదలరాదన్న నిర్బంధము ఏర్పడినది. మన పెండ్లిపందిరిలో బంధువులకు ఆ నిర్బంధము పెట్టుట ఎవరి తరము?

ఇంతవరకు చెప్పినదానినిబట్టి ఖరీదైన లెన్సు వట్టి ఆడంబరమని తలచవలదు. 70 నుండి 200 మిల్లీమీటర్ల వరకు సాగు, అంతటను ఎఫ్ 2.8 నిలుపుకొను లెన్సు ఒకటి కలదు. దానిని గూర్చి నా అభిప్రాయము వేరు. తలంబ్రాల వేళ మండపముపై చోటుండదు. అత్తలు, పిన్నులు, పిల్లలు, వీడియో తీయువారు చుట్టును మూగుదురు. ఛాయాగ్రాహకుడు పది మీటర్ల దూరమున కుర్చీ యెక్కి నిలువవలసి యుండును. దోసిళ్ళనుండి జారు తలంబ్రాలు గాలిలో స్పష్టముగా నిలువవలె నన్నచో సెకనులో 250వ వంతు కాలము చాలును. ఎఫ్ 2.8 వద్ద ఆ వేగము దొరకిన వెలుగులో, ఎఫ్ 5.6 లెన్సుతో నాలుగవ వంతు వెలుగే వచ్చును గాన, సెకనులో 60వ వంతునకు దిగవలసి వచ్చును. అప్పుడు తలంబ్రాలు తెల్లని గీతలగును. దూరపు లెన్సులో చేతి వణకు కూడ తోడగును. ఐ.ఎస్.ఓ.ను నాలుగింతలు చేయవచ్చును గాని, 3200 వద్ద నున్నది 12800కు ఎక్కిన తరువాత చీర జరీ రంగు, ముఖవర్చస్సు రెండును చెడుట ప్రారంభించును. ఇచ్చట ఖరీదైన లెన్సు చేయు పనిని చౌక లెన్సు చేయలేదు; దగ్గరకు జరుగుట అను ఉచితమైన ఉపాయము కూడ లేదు.

కనుక విచారింపవలసినది లెన్సు మంచిదా కాదా అని కాదు. రెండు లక్షలు పెట్టిన ప్రతి లెన్సు మంచిదే. అది లేనందున ఏ చిత్రము, ఎన్నిమారులు, మన చేయి జారిపోవుచున్నది? కోరుకొండలో పగటియెండలో రథము కదలినపుడు, రాతిస్తంభములపై చెక్కడములను తీయునపుడు, ఎఫ్ 8 వద్ద ఏ లెన్సైనను చాలును. చూచువారు కూడ ఎంత చూతురు? ఆల్బములో 12 అంగుళముల ఎత్తు, 18 అంగుళముల వెడల్పు గల పుటకు, అంగుళమునకు 300 చుక్కల చొప్పున, రెండు కోట్ల చుక్కలు సరిపోవును. టెలిఫోను తెరపై మూడు మిలియన్ల చుక్కలు కూడ కనబడవు. మీటలెన్నో గల రేడియో సెట్టును కొని, సంవత్సరమంతయు ఒకే కేంద్రమును వినువారిని మన మెరుగుదుము గదా!

జారిపోయిన చిత్రములను లెక్కించుటకు సులభమైన మార్గ మున్నది. ప్రతి చిత్రముతోపాటు తీసిన లెన్సు, ద్వారసంఖ్య, వేగము, ఐ.ఎస్.ఓ. వీనిని కెమెరాయే వ్రాసి దాచును. గడచిన ముహూర్తకాలములో ఆల్బములకు ఎక్కిన చిత్రములను తెరచి చూడవలెను. లెన్సును పూర్తిగా తెరచి తీసినవి ఎన్ని? కదలికవలన పారవేసినవి ఎన్ని? వీనిలో 200 మిల్లీమీటర్ల దగ్గర తీసినవి ఎన్ని? నూటికి మూడో నాలుగో అయినచో గొలుసు తల్లి మెడలోనే ఉండవచ్చును.

ఎక్కువ అయినచో అప్పుడు ధనపు లెక్కకు రావలెను. లెన్సు వెల 2,20,000 రూపాయలు అనుకొందము. నూటికి 12 వడ్డీతో మూడేండ్ల అప్పు తీసికొన్నచో నెలకు 7,300 రూపాయల పైచిలుకు వాయిదా. మొత్తము వడ్డీ 43,000 రూపాయలు. అయిదేండ్లు వాడి సగము వెలకు అమ్మగలిగినచో, వడ్డీతో కలిపి సంవత్సరమునకు పడు ఖర్చు 30,600 రూపాయలు. అట్టి లెన్సే రోజుకు 1,500 రూపాయల అద్దెకు దొరకినచో, ఆ సొమ్ముతో ఏడాదికి 20 రోజులు తెచ్చుకొనవచ్చును. కనుక 20 దినములకంటె తక్కువ వాడువాడు అద్దెకు తెచ్చుకొనుటే లాభము. మన ప్రాంతమున ఆషాఢము, భాద్రపదము, పుష్యము పెండ్లిళ్ళు లేని మాసములు. శుక్రమూఢమియో గురుమూఢమియో తటస్థించినచో మరికొన్ని వారములు పోవును. మూఢమిలో కెమెరాకు విశ్రాంతి కలదు గాని, బ్యాంకు వాయిదాకు లేదు. ఒక ముహూర్తకాలము అద్దె లెన్సుతో గడపినవానికి అంకెలు తామే బయటపడును. పైగా ఆ బరువును తెల్లవారు వరకు మోయగలడో లేడో భుజమునకు తెలియును.

గోదావరి ప్రాంతమువారు తప్పక గమనింపవలసిన దొకటి మిగిలినది. మన తేమగాలి లెన్సుకు పగ. వానకాలములో బీరువాలో, తోలుసంచిలో మూసి పెట్టిన లెన్సు లోపలి గాజుపై బూజు పట్టును. సాలెగూడువలె సన్నని దారములుగా మొదలై, పూతను తినివేయును. ముదిరిన తరువాత తుడిచినను మచ్చ పోదు. 15 బిళ్ళల లెన్సును విప్పి శుభ్రము చేయుట చిన్న ఖర్చు కాదు. గాలిలో తేమ నూటికి 40 నుండి 50 వరకు నిలుపు విద్యుత్పేటిక కొన్ని వేలకు లభించును; లెన్సు వెలలో దీనిని కూడ కలుపుకొనవలెను. అంత వీలు లేనివారు మూత బిగియు డబ్బాలో సిలికాజెల్ పొట్లములు వేసి, అవి చెమ్మగిల్లినపుడెల్ల వేడిచేసి మరల వాడవచ్చును. వారమున కొకమారు లెన్సును బయటకు తీసి వాడుట అన్నిటికంటె మేలు. చల్లని కారునుండి ఉక్కపోతలోనికి దిగినపుడు మాత్రము, సంచి తెరవక కొంతసేపు ఆగవలెను. లేనిచో గాజుపై మంచు పట్టినట్లు నీరు క్రమ్మును.

బూజు సంగతి పాత లెన్సు కొనువారికి మరింత ముఖ్యము. సగము వెలకు వచ్చు ఎఫ్ 2.8 లెన్సు చాలమందికి సరియైన మార్గమని నా నమ్మకము. అయితే దానిని పగటి వెలుగులో చూచి మురిసిపోరాదు. చీకటి గదిలోనికి తీసికొనిపోయి, ద్వారమును పూర్తిగా తెరచి, వెనుకనుండి టార్చిలైటు వెలుగును ఏటవాలుగా పంపి, ముందునుండి చూడవలెను. ధూళికణములు రెండు మూడున్నను చింత లేదు. దారములవంటివి, పొగ పట్టినట్టివి కనబడినచో, అమ్మువాడు ఎంత తగ్గించినను తిరిగి ఇచ్చివేయవలెను.