90 రోజులు, 22 భాషలు: పావగడ అంగడికి తెలియాల్సిన లెక్క

కర్ణాటకలోని పావగడలో ఒక బట్టల అంగట్లో బిల్లు వేసే పిల్లాడు చీర మడత పెట్టకముందే "నంబర్ చెప్పన్నా" అన్నాడు. చెప్పాను. ఇక ఉగాదికి, దసరాకి, ఏ పండగా లేని రోజుల్లోనూ మెసేజ్‌లే. మళ్లీ వెళ్లినప్పుడు నా నంబర్ తీసెయ్యమన్నాను. "అది మా చేతిలో లేదన్నా, మెసేజ్‌లు పంపే కంపెనీ వేరే" అన్నాడు. అబద్ధమాడలేదు. ఎవర్ని అడగాలో అతనికీ ఎవరూ చెప్పలేదు.

2027 మే తర్వాత ఆ జవాబు చెల్లదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం దొరికింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. మన హక్కుల భాగం ఆ తర్వాత 18 నెలలకు అమలవుతుంది. పని ఏ కంపెనీకి అప్పగించినా బాధ్యత అంగడిదేనని చట్టం తేల్చి చెప్పింది. ఈ చట్టానికి పునాది కూడా కన్నడనాటి వ్యక్తి వేసిందే. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు.

డేటాకు తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. అందరి నోటా ఆ అంకే. అంగడికి అంతకన్నా పనికొచ్చే అంకె 90. ఫిర్యాదు తీర్చడానికి గరిష్ఠ గడువు 90 రోజులు. యూరప్‌లో 2018 నుంచి మామూలు గడువు ఒక నెలే. ఒక్క నంబర్ తీసెయ్యడానికి మూడు నెలలు ఎక్కువని నా అభిప్రాయం. ఒక పుస్తకంలో అడిగినవారి పేరు, తేదీ, ఏం చేశారో రాసుకుంటే వారంలో అయిపోయే పని అది.

అడిగింది అసలు మనిషేనా అని చూసుకోవాలి. అందుకు రికార్డులో ఉన్న నంబర్‌కే ఫోన్ చేస్తే చాలు. ఆధార్ జిరాక్స్ తెమ్మంటే తీసెయ్యమన్న సమాచారానికి ఇంకొంత చేరుతుంది. అన్నీ చెరిపెయ్యడమూ కుదరదు. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కాబట్టి బిల్లు ఉంటుంది, మెసేజ్‌ల జాబితాలోంచి నంబర్ పోతుంది. ఈ తేడాను అడిగినవారికి నోటితోనైనా వివరించాలి. తన సమాచారం ఎవరెవరికి ఇచ్చారని అడిగితే వాళ్ల పేర్లు చెప్పాలి. కంప్యూటర్‌కెక్కని చేతిరాత ఖాతా పుస్తకానికి మాత్రం ఈ చట్టం వర్తించదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన అంకె 22. అనుమతి అడిగే నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు ఇవ్వాలి. మూడు వైపులా ఆంధ్రా ఉన్న ఈ తాలూకాలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ, ఫోన్లో ఇంగ్లీషు. భాష మారితే పేరూ మారుతుంది. ఒకే మనిషి ఊళ్లో ఓబులేసు, పహణీలో ఓబళేశ, పాస్‌బుక్‌లో ఇంకో స్పెల్లింగు. ఇక్కడి సోలార్ పార్కుకు ఐదు గ్రామాల్లో దాదాపు 13 వేల ఎకరాలు కౌలుకిచ్చిన చోట, పేరులో ఒక్క అక్షరం తేడా ఎంత తిప్పుతుందో చెప్పనక్కర్లేదు. నోటీసు తెలుగులో ఇమ్మన్న చట్టం జవాబు ఏ భాషలో ఉండాలో చెప్పలేదు. అడిగిన భాషలోనే ఇవ్వడం న్యాయం.

అప్పుల రికార్డులో ఇలాంటి తప్పు దిద్దించుకోవడానికి 2027 దాకా ఆగక్కర్లేదు. రిజర్వు బ్యాంకు నియమం 2024 ఏప్రిల్ నుంచే నడుస్తోంది. తప్పు సరిచేయమని ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో తేల్చకపోతే, ఆలస్యానికి కారణమైన సంస్థ ఆపై రోజుకు 100 రూపాయలు మీకు కట్టాలి. క్రెడిట్ సమాచార సంస్థలు ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. సంఘంలోనో ఫైనాన్స్‌లోనో అప్పు తీర్చినవాళ్లు ఈ ఏడాది రిపోర్టు ఒకసారి తెప్పించుకోండి. పేరు, పుట్టిన తేదీ, తీరిన అప్పు ఇంకా బాకీగా ఉందా, ఈ మూడూ చూసుకోండి.