ఇనుప పెయ్యి, మనిషి మెదడు

రోబో అనంగనే మనకు యాదికొచ్చేది 2010ల వచ్చిన రజనీకాంత్ సిన్మా. గండ్ల చిట్టి మొత్తం యంత్రమే. దానికి మనిషి మనసు వెడ్తేనే లొల్లి మొదలైంది. ఇప్పుడు నేను జెప్పే ముచ్చట దానికి ఉల్టా. ఈయన మనిషే, మెదడు మనిషిదే, మిగిలిన పెయ్యంత లోహం. పేరు రోబోట్‌మ్యాన్. 1942ల అమెరికా కామిక్ పుస్తకాలల్ల పుట్టిండు.

ఆ యేడాది ముందటి సంగతి జర యాదుంచుకోండ్రి. 1941 డిసెంబర్ 7 నాడు జపాన్ విమానాలు పెరల్ హార్బర్ మీద బాంబులేసినయి. అమెరికా యుద్ధంల దిగింది, వయసు పోరలు మిల్ట్రీల చేరిండ్రు. పది సెంట్లకు దొరికే కామిక్ పుస్తకాలు పిల్లలే గాదు, సిపాయిలు గూడ సదివెటోళ్లు. ఏప్రిల్ 1942 తారీకుతోని వచ్చిన స్టార్ స్పాంగిల్డ్ కామిక్స్ 7వ సంచికల రోబోట్‌మ్యాన్ మొదటిసారి కనవడ్డడు.

కథ ఇట్ల నడుస్తది. రాబర్ట్ క్రేన్ అని ఒక సైంటిస్టు. మనిషి మెదడును పెట్టెతందుకు ఒక లోహపు పెయ్యి తయారు చేస్తుంటడు. చక్ గ్రేసన్ ఆయనకు తోడు. ఒకనాడు దొంగలు ల్యాబుల జొరవడి క్రేన్‌ను కాల్చేస్తరు. పాణం పోయే ముందు గ్రేసన్ ఆయన మెదడు తీసి ఆ యంత్రంల పెడ్తడు. పోలీసులొచ్చి సూస్తే ఏమున్నది? క్రేన్ శవమున్నది, పక్కన గ్రేసన్ ఉన్నడు. హత్య కేసు గ్రేసన్ మీద పడ్తది. పాణం నిలవెట్టినోడే హంతకుడైండు. రోబోట్‌మ్యాన్ లేచి, అసలు దొంగలను పట్టి, దోస్తును ఇడిపిస్తడు.

ఇగ అసలు బాధ ఆడ్నే మొదలైతది. లోకానికి క్రేన్ సచ్చిపోయిండు. మనసువడ్డ పిల్ల జోన్ కార్టర్ గూడ అదే అనుకుంటది. ఈయన మనిషి తోలు లెక్క కనవడే ముసుగేసుకొని, పాల్ డెనిస్ అని కొత్త పేరు వెట్టుకొని తిరుగుతడు. తన సావు ముచ్చట తనే ఇనుకుంట, తనను ప్రేమించిన పిల్ల ముంగట పరాయోని లెక్క నిలవడుడు! ఇమానాలను ఆపుడు, గోడలు పలగ్గొట్టుడు కంటె ఇదే కష్టం అనిపిస్తది నాకు.

ఒక కథల ఆయన కోర్టు బోనుల గూడ నిలవడ్డడు. నువ్వు మనిషివా, యంత్రానివా? గదే సవాలు. ఆఖరికి కోర్టు మనిషే అని తేల్చింది. దీన్నే 1980లల్ల రాయ్ థామస్ ఆల్-స్టార్ స్క్వాడ్రన్ కామిక్‌ల మళ్ల రాసిండు. పిల్లల పుస్తకమని తీసిపారేయకుండ్రి. కాళ్లుచేతులు పోయినోడు తన మనిషితనాన్ని పదిమంది ముంగట రుజువు చేసుకోవాల్నా అనేది ఆ యుద్ధ కాలంల ఉత్త ఊహ గాదు.

ఎందుకంటే, ఆ యుద్ధంల సుమారు 15 వేల మంది అమెరికా సిపాయిలకు కాలో చెయ్యో పోయింది. కామిక్‌ల మెరిసే ఉక్కు పెయ్యి ఉన్నది గని, నిజంగ వాళ్లకు దొరికినయి కట్టె కాళ్లు, తోలు పట్టీలు, చెయ్యి జాగల ఇనుప కొక్కేలు. ఇయ్యి పనికొస్తలేవని వాళ్లు గట్టిగ అడిగినంకనే, 1945ల నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆధ్వర్యంల కృత్రిమ అవయవాల మీద పరిశోధన కార్యక్రమం మొదలైంది. బాంబులకు పైసలు ముందుగాల దొరికినయి, కాళ్లకు ఎనుకకు దొరికినయి.

నిజం రోబోట్‌మ్యాన్‌ను సూడాల్నంటే హెరాల్డ్ రస్సెల్‌ను సూడుండ్రి. 1944ల ట్రైనింగ్‌ల పేలుడు పదార్థం చేతులల్ల పేలి రెండు చేతులు పోయినయి. రెండు ఉక్కు కొక్కేలు వెట్టిండ్రు. 1946ల ద బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్ సిన్మాల, యుద్ధం కాడికెల్లి ఇంటికొచ్చిన నావికునిగ యాక్ట్ చేసిండు. ముసుగు లేదు, అబద్ధపు తోలు లేదు. కొక్కేలతోనే అగ్గిపుల్ల గీస్తడు. ఆ ఒక్క పాత్రకు ఆయనకు రెండు ఆస్కార్లు వచ్చినయి.

రోబోట్‌మ్యాన్‌ను రాసినాయన జెర్రీ సీగెల్. సూపర్‌మ్యాన్‌ను పుట్టిచ్చిన ఇద్దరిల ఒకడు. 1938ల సూపర్‌మ్యాన్ హక్కులను ఆయన, బొమ్మలేసే జో షుస్టర్ కలిసి 130 డాలర్లకు రాసిచ్చిండ్రు. 1943ల సీగెల్‌ను గూడ మిల్ట్రీల తీస్కున్నరు. యుద్ధమయినంక హక్కుల కోసం కోర్టుకు వోతే, ఆయన పేరే కథల మీదికెల్లి తీసేసిండ్రు. 1975ల లొల్లి అయినంక గని పింఛను, పేరు రెండూ రాలే. రెక్కల కష్టం తనది, పేరు ఇంకోనిది అంటే ఏందో ఆయనకు ఎవ్వలు జెప్పే పనిలేదు.

రోబోట్‌మ్యాన్ కథలు 1948 నుంచి డిటెక్టివ్ కామిక్స్‌ల వచ్చి, 1953ల ఆగిపోయినయి. 1963ల డూమ్ పెట్రోల్‌ల అదే పేరుతోని ఇంకో పాత్ర వచ్చింది. ఆయన పేరు క్లిఫ్ స్టీల్, కార్ల రేసుల దెబ్బ తిన్న మనిషి. ఆయనే ఇప్పుడు ఎక్కువ మందికి ఎరుక.

పాతాయనకు మాత్రం 1981ల ఒక చిన్న ముగింపు రాసిండ్రు. ఏండ్లకేండ్లు మూసుకపోయి పడి ఉండి, ఆఖరికి లేస్తడు. సూస్తే చక్ గ్రేసన్ సచ్చిపోయి ఉంటడు. గని ఆ దోస్తు తన పెయ్యిని ఈయన కోసమే మంచు లెక్క గడ్డకట్టిచ్చి దాసిపెడ్తడు. క్రేన్ మెదడు ఆ పెయ్యిలకు వోతది. మళ్ల రక్తమాంసాల మనిషైతడు.

దోస్తు త్యాగం గొప్పదే, ఇనంగనే కండ్లు చెమ్మగిలుతయి. గని నాకైతే గీ ముగింపు ఒప్పుకోబుద్ధి అయితలేదు. కోర్టుల మనిషే అని గెల్సినంక, ఉక్కు పెయ్యిని ఇడిస్తేనే సుఖం అన్నట్టు ఎందుకు రాయాలె? రస్సెల్ ఆ కొక్కేలతోనే ఇల్లు నడిపిండు, పిల్లలను సాదిండు, మాజీ సిపాయిల సంఘంల పనిచేసిండు, 2002ల కన్నుమూసిండు.