తొంభై నిమిషాల పక్క కథ.. చూడొచ్చా?

యానిమే అభిమానులందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే ఇది. మనకు ప్రాణమైన సిరీస్ పేరుతో ఓ సినిమా వస్తుంది. తీరా చూస్తే అది అసలు కథకు కొనసాగింపు కాదు, పక్క కథ. జపాన్‌లో వీటిని ‘గైడెన్’ అంటారు. వదిలేద్దామంటే ఏదో మిస్సవుతామనిపిస్తుంది. చూద్దామంటే రేపటి మాక్ టెస్ట్ గుర్తొస్తుంది.

‘వయలెట్ ఎవర్‌గార్డెన్: ఎటర్నిటీ అండ్ ది ఆటో మెమరీ డాల్’ విషయంలో నాదీ అదే పరిస్థితి. బీటెక్ అయిపోయింది, చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ డేట్ మాత్రం నెలనెలా వెనక్కి జరుగుతోంది. టైమ్‌పాస్‌కి పెట్టుకున్నా. పూర్తయ్యాక మాత్రం టైమ్‌పాస్ అనలేకపోయా.

సిరీస్ చూడనివారికి..

వయలెట్ యుద్ధంలో సైనికురాలిగా పెరిగిన అమ్మాయి. ఆ యుద్ధంలోనే రెండు చేతులూ పోయాయి, ఇప్పుడున్నవి లోహపు చేతులు. శాంతి వచ్చాక ఓ పోస్టల్ కంపెనీలో చేరుతుంది. జనం మనసులోని మాట విని టైప్‌రైటర్ మీద ఉత్తరంగా మార్చే ‘ఆటో మెమరీ డాల్’ ఉద్యోగం. మొదట్లో ఆమె రాసేవి ఉత్తరాల్లా ఉండవు, రిపోర్టుల్లా ఉంటాయి. టైపింగ్‌లో ఫస్ట్, భావంలో జీరో. కవర్ లెటర్ కాపీ పేస్ట్ చేసే మనకు ఇది బాగా తెలిసిన రోగమే! కానా అకాట్సుకి నవల ఆధారంగా క్యోటో యానిమేషన్ 2018లో దీన్ని 13 ఎపిసోడ్ల సిరీస్‌గా తీసింది.

సినిమాలో ఏముంది?

2019 సెప్టెంబర్‌లో జపాన్‌లో విడుదలైన ఈ సినిమాకు దర్శకురాలు హరుకా ఫుజిత. కథ రెండు భాగాలు. మొదటి భాగంలో ఇసబెల్లా అనే అమ్మాయికి గొప్పింటి మర్యాదలు నేర్పడానికి వయలెట్ మూడు నెలలు ఓ బాలికల పాఠశాలకు వెళ్తుంది. ఇసబెల్లా ఒకప్పుడు వీధుల్లో ఆకలితో బతికిన పిల్ల. తనతో పెరిగిన చిన్నారి టేలర్ బాగుండాలని తన పేరును, స్వేచ్ఛను వదులుకుని ఆ గొప్పింటికి వచ్చింది.

రెండో భాగం కొన్నేళ్ల తర్వాత. కాస్త పెద్దదైన టేలర్ ఒంటరిగా పోస్టల్ కంపెనీ గడప తొక్కుతుంది. ‘నాకు పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం కావాలి’ అంటుంది. పాపకు చదవడమే రాదు!

ఎందుకా ఉద్యోగమే?

నాకు సినిమా పట్టుకున్నది ఇక్కడే. చిన్నప్పుడు అనాథాశ్రమంలో ఉన్న టేలర్‌కు అక్క ఉత్తరం తెచ్చి, చదివి వినిపించింది పోస్ట్‌మ్యాన్ బెనెడిక్ట్. మన పల్లెల్లో చదువురాని పెద్దవాళ్లకు పోస్ట్‌మ్యాన్ చేసిన పని ఇదే కదా! బెనెడిక్ట్‌కు మాత్రం ఇప్పుడు ఆ పని బోర్. రోజూ అదే బండి, అవే వీధులు. అతను రొటీన్ అనుకుని మరచిపోయిన ఒక్క డెలివరీ, ఓ పిల్లకు జీవిత లక్ష్యమైపోయింది. ఆ సంగతి అతనికి మెల్లగా తెలిసొస్తుంటే, బండి నడిపే తీరే మారిపోతుంది.

ప్యాకేజీ ఎంత, లొకేషన్ ఎక్కడ.. ఇంటర్వ్యూలకు వెళ్లే మనం అడిగేవి ఇవే. అడగాల్సినవే. కానీ ఈ పని అవతల ఎవరికి అందుతుంది అన్న ప్రశ్న నా లిస్టులో అప్పటిదాకా లేదు.

తెర వెనుక..

2019 జులై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకు ఓ దుండగుడు నిప్పు పెట్టాడు. 36 మంది చనిపోయారు. ఆ తర్వాత స్టూడియో నుంచి థియేటర్లకు వచ్చిన మొదటి సినిమా ఇదే. మామూలుగా టైటిల్స్‌లో చోటు దక్కని కొత్త ఉద్యోగుల పేర్లు కూడా ఇందులో వేశారు. కాబట్టి ఎండ్ క్రెడిట్స్ స్కిప్ చేయొద్దు. బొమ్మల లెక్కన ఫ్రీలాన్సర్లకు డబ్బులిచ్చే పద్ధతి ఎక్కువగా ఉన్న ఆ పరిశ్రమలో, తన ఆర్టిస్టులకు నెల జీతాలిచ్చి, సొంతంగా శిక్షణ ఇస్తుందని ఈ స్టూడియోకు పేరు. ఆకుల మీద వెలుతురు కదలడం చూస్తే ఆ శ్రద్ధ కనిపిస్తుంది.

మైనస్‌లు లేవా?

ఉన్నాయి. నడక నెమ్మది. మొదటి సగంలో ఒకటి రెండుసార్లు ఫోన్ వైపు చెయ్యి వెళ్తుంది. వయలెట్ ఇందులో సాక్షి మాత్రమే, కథ అక్కాచెల్లెళ్లది. మేజర్ గిల్బర్ట్ సంగతి తేలుతుందని కూర్చుంటే నిరాశే. దానికి 2020లో వచ్చిన సినిమా చూడాలి.

చూడాలనుకుంటే..

* ముందు 13 ఎపిసోడ్లు, ఆ తర్వాత ఇది, చివర్లో 2020 సినిమా.
* సిరీస్‌కు టైమ్ లేదా? మొదటి మూడు ఎపిసోడ్లయినా చూడండి. వయలెట్ ఎందుకలా మాట్లాడుతుందో తెలుస్తుంది.
* నిడివి గంటన్నర. వారాంతం రాత్రికి సరిపోతుంది.

నా మాటైతే.. చూడొచ్చు. క్లైమాక్స్ చెప్పను. టేలర్ చివర్లో ఒక నిర్ణయం తీసుకుంటుంది. ‘ఇప్పుడు కాదు, నేను పని నేర్చుకున్నాక’ అన్నట్టు ఉంటుంది. ఆ రాత్రి నేను జాయినింగ్ మెయిల్ కోసం ఇన్‌బాక్స్ రిఫ్రెష్ చేయడం ఆపి, సగంలో వదిలేసిన పైథాన్ కోర్సు తెరిచా.